అప్పగింతల దగ్గర ఆగిన సీడీ

మా పెళ్ళి సీడీలు రెండు. 2001లో క్యాసెట్ మీద తీయించిన వీడియోని నాన్న 2006లో సీడీల్లోకి ఎక్కించి తెచ్చిచ్చారు. క్యాసెట్‌కి బూజు పట్టిందని తర్వాత పారేశాం. నాన్న పోయాక వచ్చిన మొదటి సంక్రాంతికి, పిల్లలు అడిగారని రెండో సీడీ పెట్టాను. తలంబ్రాలు బాగానే నడిచాయి. అరుంధతీ నక్షత్రం చూపించడం కూడా. పాలలో ముంచిన నా చేతుల్ని నాన్న అత్తయ్య చేతుల్లో పెట్టబోతుండగా బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోయింది.

సినిమా సీడీలు అద్దెకి తెచ్చుకుని చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. సరిగ్గా క్లైమాక్స్‌లోనే ఆగేది, గుర్తుందా? షాపువాణ్ణి తిట్టుకునేవాళ్ళం. అసలు కారణం నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. గ్రామఫోను రికార్డు అంచు దగ్గర మొదలై లోపలికి పాడుతుంది. సీడీ అలా కాదు, మధ్య చిల్లు దగ్గర మొదలై అంచు వైపుకి వెళ్తుంది. మనం పట్టుకునేది అంచునే కదా! వేలిముద్రలూ గీతలూ ఎక్కువగా పడేది అక్కడే. సీడీ నిండా సినిమా ఉంటే క్లైమాక్స్ ఉండేదీ అక్కడే. పెళ్ళి సీడీలో అయితే అప్పగింతలు.

ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి రూపొందించిన ఈ బిళ్ళ 1982 అక్టోబరులో మొదట జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. అడ్డంగా కొలిస్తే 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. దానిలో చుట్టలు చుట్టుకుని ఉన్న దారిని సాగదీస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. ముల్లు గీరుకునే పని లేదు, వెలుగే చదువుతుంది. వీడియో సీడీ ప్రమాణం 1993లో వచ్చింది. మన ఇళ్ళలో అది రాజ్యమేలింది మాత్రం 2000కి అటూ ఇటూ.

గీత పడినా సీడీ చాలావరకు నడిచేస్తుంది. దానికి కారణం 1960లో రీడ్, సోలమన్ అనే ఇద్దరు అమెరికన్ గణితవేత్తలు కనిపెట్టిన లెక్క. తెలుగు బీఏ చదివినదాన్ని, నాకిది తాళపత్రాలతో పోల్చుకుంటే గానీ ఎక్కలేదు. ఆకుని పురుగు కొట్టేసి పద్యంలో అక్షరం పోతే, పరిష్కర్తలు యతినీ ప్రాసనీ గణాన్నీ పట్టుకుని అక్కడ ఏం ఉండాలో ఊహిస్తారు. సీడీలోనూ అసలు సమాచారంతో పాటు అలాంటి ఆనవాళ్ళు కూడా రాసి, మొత్తాన్ని దూరదూరంగా వెదజల్లుతారు. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టలో కాస్తే తింటుంది, పూడ్చుకోవచ్చు. చుట్ట వెంబడే పడిన గీత పాదాలకి పాదాలే మింగేస్తుంది. అందుకే సీడీని గుండ్రంగా తుడవకూడదు, మధ్య నుంచి అంచుకి తుడవాలి. మనమేమో కంచం తుడిచినట్టు తుడిచేవాళ్ళం!

ఇక చిట్కాలు. మా ఆడపడుచు అరటిపండు ముక్కతో రుద్ది తొక్కతో తుడిచేది. పక్కింటి పిన్నిగారు కొబ్బరినూనె. ఇంకొకరు వాజిలైన్. నూనె గీతలో నిండితే వెలుగు చెదరడం తగ్గుతుంది, నిజమే. కానీ సరిగ్గా తుడవకపోతే ఆ జిడ్డు ప్లేయర్ లోపల కంటికి అంటుకుంటుంది. నా ఓటు తెల్ల టూత్‌పేస్టుకే. పళ్ళు తోమే ఆ మెత్తటి గరుకే గీత అంచుల్ని అరగదీసి నునుపు చేస్తుంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీలని 28 రూపాయలకే అమ్మడం మొదలుపెట్టాక ఈ చాకిరీ ఎవరికి కావాలి, కొత్తది కొనేశాం. పెళ్ళి సీడీకి ఆ వీలు లేదు.

పేస్టు ఎందుకు పనిచేస్తుందో తెలిసినప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. గీత పడేది పైనున్న ప్లాస్టిక్ మీద. అది ఒక మిల్లీమీటరు పైచిలుకు మందం, కాస్త అరగదీసినా నష్టం లేదు. అసలు సమాచారం ఉండేది మనం పేరు రాసుకునే వైపు, పల్చటి లక్కపూత లాంటి పొర కిందే. మనం మెరిసే వైపుని పసిపిల్లలా చూసుకుని, రెండో వైపుని బల్ల మీద బోర్లా పడేసేవాళ్ళం. ఆ పొర చెక్కుకుపోతే ఏ పేస్టూ ఏమీ చేయలేదు. ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చూస్తే సూదిమొన చిల్లుల్లోంచి వెలుతురు కనిపిస్తుంది.

రెండో సీడీని సబ్బునీళ్ళతో కడిగి, శనగగింజంత పేస్టు పెట్టి, నాన్న పాత పంచె ముక్కతో మధ్య నుంచి అంచుకి పది నిమిషాలు రుద్దాను. మూడోసారికి నడిచింది. మా వారు అప్పటికప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించేశారు. అత్తయ్య చేతుల్లో నా చేతులు పెట్టి నాన్న ఏదో అంటున్నారు. బాజాల మోతలో మాట వినబడదు.

మొదటి సీడీ ఇప్పటికీ గౌరీపూజ దగ్గరే ఆగిపోతుంది. దాని మీద ఒక్క గీత కూడా లేదు. లైటుకి పట్టి చూస్తే మాత్రం, బాల్‌పెన్‌తో నొక్కి రాసిన ‘మా పెళ్ళి - 1’ అన్న అక్షరాల్లోంచి చుక్కలు చుక్కలుగా వెలుతురు వస్తుంది. ఆ దస్తూరీ నాదే.