వర్తకుని తలపు, అద్దకపువాని కలము



కౌటిల్యుడు అర్థశాస్త్రమున పణ్యాధ్యక్షుని విధులు చెప్పుచు, సరకుల మేలుకీళ్లనే గాక, ఏది జనులకు ప్రియమో ఏది యప్రియమో యతడెఱిగి యుండవలెననెను. ఈ యెఱుక సరకు చేయువాని కందుట, అందకపోవుట అను రెండును మన తూర్పుతీరపు గుడ్డల చరిత్రలో గాననగును.

మచిలీపట్టణమున ఆంగ్లేయులు 1611లో వర్తకశాల నెలకొల్పిరి. అద్దకపు గుడ్డల వర్తకమున ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క మచ్చు. పారసీకమునకు బోవుదానిపై మెహరాబు, దాని లోపల పూలచెట్టు; తూర్పుదీవులకు బోవుదానిపై వేఱు రచన.

1643లో లండనునందలి కంపెనీ అధిపతులు సూరతునందలి తమవారికి వ్రాయుచు, ఎఱ్ఱని నేలగల దుప్పట్లు అచ్చట నంతగా చెల్లకున్నవి గావున, ఇకమీదట తెల్లని నేలపై రంగుల పూలకొమ్మలు వేయించి పంపుడని కోరిరి. పిదప మన తీరమున గూడ తెల్లనేల పనియే ప్రబలెను. ముప్పది యేండ్లకు పైగా చరిత్రపాఠము చెప్పితినిగాని, ఈ యుత్తరమును గూర్చి నేనొకనాడును చెప్పి యుండలేదు. మా పుస్తకములలో రాజుల యుద్ధములే యుండెడివి!

వినుటకిది యల్పవిషయము, అద్దకపువానికి గాదు. చిరివేరు రంగు పటిక పట్టినచోట నిలుచును, తక్కినచోట గులాబిచాయ మిగులును. నేల తెల్లబడవలెనన్న పేడనీట నానవైచి, ఉదికి, ఎండలో మరల మరల తడిపి యాఱవేయవలెను. నీలితొట్టిలో ముంచుటకు ముందు నీలి తగులరాని తావంతయు మైనముతో గప్పవలెను. లండనున నొక్క వాక్యము. ఇచ్చట దినముల తరబడి పని, ఏటినీరు, మైనము.

ఆ గుడ్డలు ఎంతగా చెల్లెననగా, స్వదేశపు నేతగాండ్రను గాపాడుటకు ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను, మరల 1721లోను నిషేధశాసనములు చేసెను. అయినను మచ్చులును, గిరాకి మర్మమును కంపెనీ చేతనే యుండెను. తన గుడ్డ యెవ్వరి పడకటింట వ్రేలాడునో యెఱుగని యద్దకపువాడు, ఐరోపావారు అచ్చుదిమ్మెలతో, పిదప యంత్రములతో ఆ పూలనే అచ్చొత్తినప్పుడు క్రొత్తదేది చేయవలెనో యెట్లు తెలిసికొనును? నేర్పు లోపమని కొందఱందురు. నేనొప్పుకొనను.

చీరాల తేలియా రుమాలు చూడుడు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను పలుమాఱులు నానవైతురు. దానివలన నెఱుపు గట్టిగా బట్టును. గుడ్డ మెత్తనై యరబ్బుల తలకు జల్లగా నుండును. రంగునకు జేసిన పనియే యెడారివానికి సుఖమయ్యెను. ఆ గిరాకి తగ్గిన పిదప, పూర్వపు నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాండ్రు ఆ రచననే చీరలకును దుపట్టాలకును మార్చిరి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించెను. మా యింట నట్టి దుపట్టా యొకటి గలదు. పలుమాఱు లుదికినను దాని నూనెవాసన పూర్తిగా బోలేదు.