ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ గారి ఆపన్నసేవ

ఆపదలో నున్నవారి కన్నము పెట్టుట మన దేశమునకు క్రొత్త గాదు. కాని, ఆ దానము నొక క్రమమునకు దెచ్చి, పిమ్మట ఆ యాపదకు మూలమేమియని వెదకుట యరుదు. ఒక రసాయనశాస్త్రాచార్యు డిట్టి కార్యమునకు త్రోవ చూపిన చరిత్రమును సోదరుల యెదుట నుంచుచున్నాము.

ప్రఫుల్లచంద్ర రాయ్ గారు 1861వ సంవత్సరమున వంగదేశమందలి రారులి గ్రామమున జన్మించిరి. ఎడింబరోలో విద్య ముగించి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయులై, 1916లో విశ్వవిద్యాలయ విజ్ఞానకళాశాలకు వచ్చిరి. వారు బ్రహ్మచారులు, ఆ కళాశాలలోని యొక గదియే వారికి గృహము. అరువది యేండ్లు నిండిన పిదప తమ జీతమును విశ్వవిద్యాలయమునకే విడిచిరి.

1921లో ఖుల్నా ప్రాంతమున క్షామము సంభవింపగా రాయ్ గారు జోలె పట్టిరి. మరుసటి యేడు సెప్టెంబరులో ఉత్తర వంగమున రాజషాహి, బొగ్రా మండలములు జలమయములయ్యెను. అప్పు డేర్పడిన వంగ సహాయ సంఘమునకు వారే నాయకులు. విజ్ఞానకళాశాలయే దానికి కార్యస్థానము. సుభాసచంద్ర బోసు గారు వరద ప్రదేశమున కేగి పనిచేసిరి. మేఘనాద సాహా గారును ఆ సేవలో పాల్గొనిరి. నీరు తీసినంతనే పని ముగియలేదు. ఉచితాన్న మెల్లకాలము మనుష్యుని నిలుపజాలదు గనుక, పంటలేని దినములలో చేతికి పని కల్పించుటకై రాయ్ గారు రాట్నములను పంచిరి.

అంత నీ ప్రశ్న పుట్టెను: ఇంత నీ రేల నిలిచెను? అతివృష్టియే కారణమని కొందఱనిరి. రైలుకట్ట నీటిదారి కడ్డమయ్యెననియు, దాని క్రింది తూములు చాలకుండెననియు రాయ్, సాహా గారలు వాదించిరి. ప్రభుత్వము కోరగా ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1870 మొదలు 1922 వఱకు గల వర్షముల, వరదల లెక్కలను శోధించి, నీటిని నిలుపు జలాశయములు నిరుపయోగములనియు, అది వేగముగ పాఱిపోవు మార్గమే కావలయుననియు తేల్చిరి. 1943లో దామోదర నది పొంగిన పిదప సాహా గారు విచారణ సంఘమున సభ్యులై, నదీలోయ కంతటికి నొక ప్రణాళిక కావలెనని కృషి సల్పిరి. 1948లో దామోదర లోయ సంస్థ వెలసెను. దానిని చూచుటకు రాయ్ గారు లేరు. వారు 1944 జూను 16న స్వర్గస్థులైరి.

తుపానుల తీరమున నివసించు మన కీ చరిత్రము దూరమైనది గాదు. వరద తీయగనే చందాపట్టీ మడిచిపెట్టక, ఏ యూర నీరేల నిలిచెనో, ఏ తూము చాలదయ్యెనో వ్రాసి యుంచుకొందము. రాబోవు వానకు మునుపే అక్కఱకు వచ్చు ధర్మ మదియే యని మా మనవి.