పల్నాడు అడవుల్లో కార్చిచ్చు నియంత్రణ

పల్నాడు కొండల్లోనూ, వాటిని ఆనుకుని సాగే నల్లమల అడవుల్లోనూ ఏటా ఆకురాలు కాలం నుంచి తొలకరి వరకు రేగే మంటలను నివారించడానికీ, అదుపు చేయడానికీ సాగిన ప్రయత్నాలకు సుమారు 140 ఏళ్ల లిఖిత చరిత్ర ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో మొదలైన ఈ వ్యవస్థ తొలుత నిషేధాన్ని నమ్ముకుంది. 1990ల్లో గ్రామస్థులతో కలిసి అడవిని కాపాడే పద్ధతికి మళ్లింది. 2004 తర్వాత ఉపగ్రహ సమాచారం తోడైంది. సాధనాలు ఎన్ని మారినా మంట దగ్గరకు ముందుగా చేరేది అడవి అంచు పల్లెల మనుషులే కాబట్టి, వారితో ప్రభుత్వానికి ఉన్న సంబంధమే ఈ చరిత్రకు కేంద్రం.

అడవి స్వభావం

పల్నాడు అడవులు చాలావరకు ఆకురాల్చే పొడి అడవులు, ముళ్లపొదల అడవులు. చండ్ర, తునికి, మోదుగ, నల్లమద్ది వంటి చెట్లు శీతాకాలం చివరికల్లా ఆకు రాలుస్తాయి. చెట్ల నడుమ నడుమెత్తు పెరిగిన బోద గడ్డి అప్పటికి పూర్తిగా ఎండిపోతుంది. ఈ ప్రాంతంలోని రెంటచింతల వేసవి ఎండలకు పేరుమోసిన ఊరు. అక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. ఎండుగడ్డి, వడగాలి, తేమలేని నేల కలిసిన చోట చిన్న నిప్పురవ్వ చాలు.

ఇక్కడి మంటలు ఎక్కువగా నేలబారు మంటలు. గడ్డినీ రాలిన ఆకునూ కాల్చుకుంటూ పోతాయి తప్ప చెట్ల కొసలకు ఎక్కడం అరుదు. పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. లేత మొలకలు, గూడు నేలమీద పెట్టే పక్షులు, తాబేళ్ల వంటి నెమ్మదిగా కదిలే జీవులు తట్టుకోలేవు. ఏటా అదే చోట మంట వస్తే కొత్త చెట్లు ఎదగవు. అడవి క్రమంగా గడ్డిబీడుగా మారుతుంది.

పిడుగుపాటు వల్ల మంట రేగడం ఇక్కడ అరుదు, చాలావరకు మనుషుల చేతిమీదుగానే వస్తుంది. మేతకు కొత్త గడ్డి మొలవాలని పశువుల కాపరులు పాత గడ్డికి నిప్పు పెట్టడం, బీడీ ఆకుకు లేత చిగురు రావాలని తునికి పొదలను కాల్చడం, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద చెత్తను తగులబెట్టడం, తేనె తీసేటప్పుడు పొగ కోసం వెలిగించిన కాగడా జారిపడడం, పొలంలో రాజేసిన మంట గట్టు దాటి అడవిలోకి పాకడం, బాటసారి ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క తరచుగా వినిపించే కారణాలు.

నిషేధ కాలం

మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీశాఖ 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ నాయకత్వంలో ఏర్పడింది. అడవిని కొట్టి కాల్చి సాగుచేసే పోడు పద్ధతిని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. 1860వ దశకంలో మధ్య పరగణాల్లోని బోరి అడవిలో కల్నల్ పియర్సన్ మంటలను పూర్తిగా అడ్డుకునే ప్రయోగం చేపట్టారు. ఆ తర్వాత దేశమంతటా రిజర్వు అడవుల్లో మంట పాకకుండా గడ్డీ ఆకూ తొలగించిన ఫైర్ లైన్లు తీయడం, ఎండాకాలంలో కావలివాళ్లను పెట్టడం ఆనవాయితీ అయింది. భారత అటవీశాఖ అధిపతి డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసు అడవులను పరిశీలించిన కాలంలోనే 1882 చట్టం వచ్చింది. రిజర్వు అడవికి నిప్పు పెట్టడాన్ని అది నేరంగా ప్రకటించింది.

చట్టం అడవికి గీసిన హద్దు పల్లెలకు తగిలింది. మేతకూ కట్టెకూ అంతవరకు అడ్డులేని కొండ ఇప్పుడు అనుమతి అడగవలసిన చోటైంది. పశువును అడవిలోకి తోలాలంటే పుల్లరి అనే మేత పన్ను కట్టాలి. ఇతర రాష్ట్రాలకు వర్తించిన 1927 నాటి భారత అటవీ చట్టంలో మరో మెలిక ఉంది. కావాలనో తీవ్ర నిర్లక్ష్యంతోనో అడవి తగలబడితే అక్కడ మేత హక్కునే ప్రభుత్వం నిలిపివేయవచ్చు. ఒకరి తప్పుకు ఊరంతా బాధ్యత మోయాల్సిన నిబంధన అది.

పుల్లరి ఉద్యమం

1921లో సహాయ నిరాకరణ ఉద్యమం పల్నాటికి చేరినప్పుడు ఈ అసంతృప్తి బయటపడింది. రైతులు పుల్లరి కట్టడం మానేసి పశువులను రిజర్వు అడవుల్లోకి తోలారు. అటవీ, రెవెన్యూ ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించారు. మాచర్ల ప్రాంతంలో కాంగ్రెస్ నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ ఉద్యమానికి అండగా నిలిచి అరెస్టయ్యారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పుల్లో ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు ప్రాణాలు కోల్పోయారు.

అదే 1921లో హిమాలయ ప్రాంతమైన కుమావూలో నిరసన మరో రూపం తీసుకుంది. అక్కడి జనం చీర్ పైన్ అడవులకు నిప్పు పెట్టారు. విచారణకు వేసిన కమిటీ సిఫారసులతో చాలా విస్తీర్ణంపై ఆంక్షలు సడలాయి. పల్నాడులో నిరసనకు సాధనం నిప్పు కాదు, పశువుల మంద. అయినా రెండు చోట్లా తేలింది ఒకటే: అడవిపై హక్కు కోల్పోయిన ఊరు దాన్ని మంటల నుంచి కాపాడడానికి పరుగెత్తదు.

సమితుల కాలం

స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967లో వచ్చింది. నిప్పుపై నిషేధం కొనసాగింది. బీడీ ఆకు వ్యాపారం 1971 చట్టంతో ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1978లో ఏర్పడి, 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేరింది. దాంతో నల్లమలలో మంటల అదుపు పులుల రక్షణలో భాగమైంది.

1990 జూన్‌లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1992లో ఆ పద్ధతిని చేపట్టి వన సంరక్షణ సమితులను ఏర్పాటుచేసింది. ఊరికి కేటాయించిన అడవిని ఊరే కాయాలి. బదులుగా ఫలసాయంలో వాటా దక్కుతుంది. ఫైర్ లైన్లు శుభ్రం చేయడం, మంట కనిపిస్తే కబురు పెట్టి ఆర్పడం సమితి బాధ్యతల్లో చేరాయి. నల్లమలలో బేస్ క్యాంపుల్లో పనిచేసే వాచర్లలో ఆ అడవుల గిరిజనులైన చెంచులు గణనీయంగా ఉన్నారు. ఏ వాగులో ఎప్పటిదాకా నీరుంటుందో, గాలి ఏ కనుమలోంచి తిరుగుతుందో తెలిసిన వారి అనుభవం మంటలార్పే పనికి చాలా అవసరం.

ఉపగ్రహ నిఘా

డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004లో మోడిస్ పరికరం పంపే సమాచారంతో మంటల హెచ్చరికలు మొదలుపెట్టింది. ఒక కిలోమీటరు స్థాయిలో ఉండే ఆ చిత్రానికి తర్వాత 375 మీటర్ల స్థాయిలో పసిగట్టే విర్స్ పరికరం తోడైంది. వేడి బిందువును అటవీ పటంపై ఉంచి, అది ఏ గార్డు కాపలా కాసే బీట్‌లో పడిందో గుర్తించి సిబ్బంది ఫోన్లకు సందేశం పంపుతారు. 2019 జనవరిలో ఈ వ్యవస్థ మూడో రూపం అమల్లోకి వచ్చింది. దేశ అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచు మంటలకు లోనయ్యేదని ఆ సంవత్సరపు అటవీ నివేదిక తెలిపింది.

ఉపగ్రహానికి హద్దులున్నాయి. అది మీదుగా వెళ్లిపోయాక రేగిన మంట మళ్లీ వచ్చేదాకా దానికి కనబడదు. మబ్బు అడ్డుపడవచ్చు. సందేశం అందినా దారిలేని లోయలోకి నడిచివెళ్లేది మనిషే.

ఆర్పే పద్ధతి

నిప్పు నిలవాలంటే వేడి, గాలి, ఇంధనం మూడూ కావాలి. కొండల్లో నీరు దొరకదు కాబట్టి ఇక్కడి సిబ్బంది ప్రధానంగా ఇంధనాన్ని తప్పిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రహదారులు, బీట్ హద్దుల వెంట గడ్డి కోసి, ఆకు ఊడ్చి, అదుపులో కాల్చి ఫైర్ లైన్లు తయారుచేస్తారు. మంట రేగాక చిన్నదైతే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పుతారు. వీపున మోసే బ్లోయర్ యంత్రాలతో ఆకులను మంటకు ఎదురుగా నెట్టి నేలను ఖాళీ చేయడం ఇప్పుడు సాధారణమైంది. మంట పెద్దదైతే దూరంగా ఒక గీత తెరిచి, అక్కడి నుంచి ఎదురు మంట పెడతారు. రెండు మంటలూ కలిసే చోట కాలడానికి ఏమీ మిగలదు. గాలి తిరిగితే ప్రాణాపాయం కాబట్టి అనుభవజ్ఞులు ఉంటేనే దీనికి పూనుకుంటారు. గాలి నెమ్మదించి తేమ పెరిగే రాత్రి, తెల్లవారుజాము పనికి అనువైన వేళలు. మంట ఆరాక కూడా లోపల రగిలే మొద్దులను వెతికి మట్టి కప్పాలి. లేదంటే మర్నాటి గాలికి మళ్లీ రేగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పద్ధతులకు మించిన సాయం కోరిన ప్రముఖ సందర్భం 2014 మార్చిలో తిరుమల శేషాచలం అడవుల్లో రేగిన కార్చిచ్చు. కొండలపై వరుసగా మంటలు వ్యాపించడంతో పాపవినాశనం దారిలో రాకపోకలు ఆపారు. అటవీశాఖ, అగ్నిమాపక శాఖ, తిరుమల తిరుపతి దేవస్థానాల సిబ్బందితో పాటు వైమానిక దళ హెలికాప్టర్లు రంగంలోకి దిగి పైనుంచి నీరు గుమ్మరించాయి.

కోటప్పకొండ

పల్నాడులోనే నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండపై త్రికోటేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాల ఈ కొండ చుట్టూ మైదానం; నల్లమలలాగా విస్తారమైన అడవి కాదు. ఇక్కడి ముప్పు వేరు. మహాశివరాత్రి తిరునాళ్లకు ఎత్తైన ప్రభలతో లక్షల జనం కొండకు చేరేది మాఘమాసం చివర, అంటే సరిగ్గా ఆకు రాలి గడ్డి ఎండే రోజుల్లో. వంటల పొయ్యిలు, కర్పూరం, బాణసంచా, బీడీలు ఒకేచోట పోగవుతాయి.

వాలు మరో సమస్య. మంట పైకి ఎగబాకేటప్పుడు ముందున్న గడ్డిని ముందే వేడెక్కిస్తుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఆస్ట్రేలియా పరిశోధకుల అంచనా. 2018 మార్చి 11న తమిళనాడులోని కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా ట్రెక్కర్లు మరణించారు. జనం మెట్లదారిలోనూ ఘాట్ రోడ్డుమీదా ఉండే ఇలాంటి కొండలకు తిరునాళ్లకు ముందే దారుల పక్క గడ్డి కోయించడం, పొయ్యిలకు విడిగా స్థలం చూపడం, కింద నీటి ట్యాంకర్లు సిద్ధంగా ఉంచడం ఆర్పే పని కన్నా ముఖ్యం.

చర్చ

మంట ఎక్కడ కనిపించినా ఆర్పాలా అన్నది పాత ప్రశ్న. అమెరికా అటవీశాఖ 1935లో ప్రతి మంటనూ మర్నాటి ఉదయం 10 గంటలకల్లా అదుపు చేయాలని నియమం పెట్టుకుంది. దశాబ్దాల పాటు పేరుకుపోయిన ఎండుకట్టె పెద్ద మంటలకు మేతవుతుందని గ్రహించి 1970ల్లో దాన్ని వదులుకుంది. భారతదేశంలోనూ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే అధికారుల మధ్య ఈ వాదం నడిచింది. చలికాలంలోనే ముందస్తుగా కొంత కాల్చడం మేలన్నవారు కొందరు. 2018 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక అడవి మీద ఆధారపడిన ప్రజలకు శిక్షణ, ప్రోత్సాహం ఇవ్వాలని చెబుతోంది. పల్నాడులో ఆ మాట అమలు కావాలంటే వాచర్ల కూలి వేసవి మొదలవకముందే ఖరారు కావాలి, వన సంరక్షణ సమితికి చెప్పిన వాటా సమయానికి చేతికి రావాలి.