మాల్గుడి బాలుర మైత్రి

మాల్గుడి కథలకుఁ జరిత్రతోఁ బని లేదనియు, అవి కాలమునకు వెలియైన వినోదకల్పనములనియుఁ గొందఱి యభిప్రాయము. 1986లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘మాల్గుడి డేస్’ ధారావాహికను బాల్యమునఁ జూచి పెరిగినవారు సయితము దాని నట్లే తలంచుట కలదు. అందలి స్వామినాథుని కథను సావధానముగఁ బరిశీలించినచో నీ యభిప్రాయము నిలువదు.

మొదట గ్రంథోత్పత్తిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఆర్. కె. నారాయణ్ (1906–2001) వ్రాసిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ నవల గ్రాహమ్ గ్రీన్ ప్రోద్బలమున 1935లో లండనునందుఁ బ్రకటితమయ్యెను. సుమారు ఏఁబదేండ్లకుఁ బిమ్మటఁ గన్నడ నటుఁడును దర్శకుఁడును నగు శంకర్ నాగ్ దీనిని, నారాయణ్ రచించిన యితరకథలను దృశ్యరూపమునకుఁ దెచ్చెను. కల్పితపట్టణమైన మాల్గుడికి శివమొగ్గ మండలమందలి ఆగుంబె గ్రామము రూపమిచ్చినది. స్వామి పాత్రను మాస్టర్ మంజునాథ్, తండ్రి పాత్రను గిరీశ్ కర్నాడ్ ధరించిరి. గ్రంథకర్త సోదరుఁడైన ఆర్. కె. లక్ష్మణ్ రేఖాచిత్రములను సమకూర్చెను. తమిళగృహమునఁ బుట్టినవాఁ డాంగ్లమున వ్రాసిన కథ కన్నడదేశమునఁ జిత్రితమై, హిందీ సంభాషణములతోఁ దెలుఁగిండ్లకును వచ్చినది. ప్రైవేటు ప్రసారసంస్థ లింకను లేని యా దినములలో నింటిల్లిపాదియు నొక్కచోటఁ గూర్చుండి చూచిన కథ యిది.

ఇఁక కథలోని కాలము. నవలయందు 1930 ఆగస్టు 15వ తేదీ సాయంకాలమున నొక దేశసేవకుని నిర్బంధమునకు నిరసనగా సరయూతీరమున సభ జరుగును; విదేశవస్త్రములు దగ్ధమగును. స్వామి టోపీ విదేశీయమని యెవఁడో యనఁగా నా బాలుఁడు సిగ్గుపడి దానిని మంటలోఁ బడవైచును. అది ఖద్దరు దుకాణమునఁ గొన్న స్వదేశీ టోపీయే యని పిదపఁ దండ్రి చెప్పును. పదునేడేండ్లకు నా తేదీయే స్వాతంత్ర్యదినము కాఁగలదని గ్రంథకర్త యెఱుఁగఁడు. ఆ సామ్యము యాదృచ్ఛికము. 1930వ సంవత్సరము మాత్రము యాదృచ్ఛికము గాదు. అది యుప్పు సత్యాగ్రహము జరిగిన వత్సరము.

ఈ యుద్యమమే బాలుర మైత్రిని బరీక్షించినది. స్వామి తండ్రి న్యాయవాది. మిత్రుఁడైన రాజం తండ్రి పోలీసు అధికారి. హర్తాళము నాఁడు పాఠశాల గాజుపలకలు పగులఁగొట్టిన స్వామి, ప్రధానోపాధ్యాయుని దండనము సహింపక ఆల్బర్టు మిషను పాఠశాలను విడిచి బోర్డు హైస్కూలునఁ జేరును. రాజం కొన్నివారములు దూరముగా నుండి, పిదపఁ దానే వచ్చి, యతని రాజకీయ దోషములను మన్నించితి నని చెప్పి, క్రికెట్టు జట్టు కూర్చుటకుఁ బూనుకొనును. ప్రభుత్వమునకును బ్రజలకును నడుమ నున్న యగాధము పిల్లల యాటలోనికి వచ్చిన తీరిది. ఇందు క్షమించు నధికారము సయితము అధికారి కుమారునిదే యగుట గమనింపఁదగినది.

తుదకు స్వామి కొత్త పాఠశాలనుండియుఁ బాఱిపోయి, యడవిదారిఁ దప్పి, క్రికెట్టు పోటీనాఁటికి రాలేకపోవును. రాజం మఱల మొగము చాటుచేయును. ఇంతలో నతని తండ్రికి బదిలీ యగును. కదలుచున్న రైలునొద్ద స్వామి యాండర్సన్ కథల పుస్తకమును మణి చేతిమీఁదుగా నందించును. రాజం మన్నించెనో లేదో స్వామికిఁ దెలియదు. మణి చెప్పిన యోదార్పు నమ్మఁదగునో కాదో పాఠకునకును దెలియదు. రాజంను మాల్గుడికిఁ దెచ్చినదియు, అచటినుండి కొనిపోయినదియు సర్కారు బదిలీయే. ఈ మిత్రులు కలియుటయు విడిపోవుటయుఁ దమ చేతిలో లేదు.

కాఁబట్టి యింటిల్లిపాదియుఁ జూడఁదగిన కథ యనఁగాఁ గటుసత్యములు తొలఁగింపఁబడిన కథ యని యర్థము గాదు. లేఁతవయసున మైత్రి యెట్లు పుట్టునో యెట్లు తెగునో చెప్పుచు, 1930 నాఁటి దేశస్థితి నొక కాలిన టోపీలోను, ఒక రైలు పెట్టె కిటికీలోను జూపిన యీ కథను జరిత్రకారుఁ డుపేక్షింపరాదు.