చిరునామాలకు వచ్చిన కరువు

టెలిఫోన్ శాఖలో పనిచేసిన మనకు వెయిటింగ్ లిస్టు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఓ.వై.టి. కింద డిపాజిట్ కట్టినవారు, జనరల్ కేటగిరీలో ఏళ్ల తరబడి ఎదురుచూసినవారు, అందరి అర్జీలూ మన బల్లల మీదుగా వెళ్లినవే. అయితే ఒక నియమం ఉండేది. చందాదారు ఫోను వదులుకుంటే నెంబరు ఎక్స్‌ఛేంజికే తిరిగి వచ్చేది. ఇంటర్నెట్ చిరునామాల పంపకంలో ఆ కట్టుబాటు మొదట్లో లేకపోవడం వల్ల ఏం జరిగిందో మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటరు మరొకదాన్ని చేరాలంటే ఫోన్ నెంబరు వంటి చిరునామా కావాలి. 1981లో ఖరారైన పద్ధతిలో మొత్తం చిరునామాలు సుమారు 429 కోట్లు. అప్పట్లో అది తరగని నిధిలా కనిపించింది. అమెరికాలో జాన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పద్దు చూసేవారు. సంస్థలకు చిరునామాలు ఉచితంగానే దొరికేవి. పైగా కొలతలు మూడే: 256, 65,536, లేదా 1 కోటి 67 లక్షలు. మూడు వందలు కావలసినవారు 65 వేలు పట్టుకుపోయే వీలుండేది. ఎం.ఐ.టి. విద్యాసంస్థకు, ఫోర్డ్ మోటారు కంపెనీకి పెద్ద కొలతే దక్కింది.

నిల్వ తరుగుతోందని గ్రహించి 1993లో అవసరాన్ని బట్టి చిన్న ముక్కలుగా ఇచ్చే పద్ధతి తెచ్చారు. అదే ఏడాది ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఏప్‌నిక్ సంస్థ ఏర్పడింది. ఉత్తర అమెరికాకు ఆరిన్ 1997లో వచ్చింది. 1996 నాటి మార్గదర్శకాల ప్రకారం, అడిగిన వాటిలో పాతిక శాతం వెంటనే, సగం ఏడాదిలోగా వాడతామని లెక్క చూపాలి. ఈ లెక్కలన్నీ కొత్తగా అడిగేవారికే. పాతవారు తమ వాటాను అలాగే ఉంచుకున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మాత్రం 2000లో తన పెద్ద వాటాను తిరిగి ఇచ్చేసింది.

2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిల్వలోని చివరి ఐదు భాగాలను ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. ఏప్రిల్ 15 నుంచి ఆసియాలో రేషన్ మొదలైంది. ఒక్కో సభ్యునికి 1,024 మించి ఇవ్వలేదు. అదే సంవత్సరం దివాలా తీసిన నార్టెల్ కంపెనీ 6,66,624 చిరునామాలను మైక్రోసాఫ్ట్‌కు 75 లక్షల డాలర్లకు అమ్మింది. ఒక్కొక్కటి 11 డాలర్ల పైమాటే. 2017లో ఎం.ఐ.టి. తన వద్ద 1 కోటి 40 లక్షల చిరునామాలు వాడకుండా ఉన్నాయని చెప్పి, కనీసం 80 లక్షలు అమ్ముతామని ప్రకటించింది. 2021 చివరికి ధర 50 డాలర్లు దాటింది. ఇవి ఆస్తి కావని, వాడుకునే హక్కు మాత్రమేనని ఆరిన్ వాదన. అక్కడ కొనేవారు సైతం అవసరాన్ని రుజువు చేయాలి. అయినా బేరం బేరమే. ఉచితంగా పొందినవారు సొమ్ము చేసుకున్నారు, ఆలస్యంగా వచ్చినవారు చెల్లించారు.

ఆ ఆలస్యంగా వచ్చినవారిలో మన దేశం ఒకటి. ఇక్కడ ప్రజలకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. పాత చిరునామాలు చాలవు కనుక, అంతకన్నా అనేక రెట్లు పెద్దదైన ఆరో తరహా పద్ధతిని 2016 తర్వాత మన మొబైల్ కంపెనీలు విరివిగా వాడాయి. నేడు దేశంలో సగానికి పైగా వినియోగదారులకు ఆ సౌకర్యం ఉంది.

పంచే రోజునే తిరిగి ఇచ్చే షరతు రాసుకోవాలి. కొట్టు ఖాళీ అయ్యాక రేషన్ కార్డు అడిగితే, ఆ కార్డు చూపవలసింది వెనుక నిలబడ్డవాడే. పద్దులు రాసిన చేతులు గల మనకు ఈ సంగతి కొత్తేమీ కాదు.