కథకుల వంశకథ

ఓరుగల్లు సీమలో కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథను పటములు చూపి చెప్పుచు ఊరూర తిరుగుచు వచ్చిరి. పరుల వంశములను నాలుకపై నిలిపిన వీరి వంశ మెచ్చట వ్రాయబడెను? నిలుకడలేని కుటుంబము ఒక్క గ్రామపు దస్త్రమునకు చిక్కదు. 2016 వఱకు వరంగల్లు జిల్లాలో నుండిన చేర్యాలలో నకాషీలు చిత్రించిన పటమైనను సాక్ష్యము పలుకునా యన్న, అది జీర్ణించినపుడు నీట గలిపెదరు. ఇక మిగిలినది మిరాసి. కథ చెప్పు గ్రామములను అన్నదమ్ములు ఆస్తివలె పంచుకొందురు. కావున ఏ యూరు ఎవరి పాలో, ఎవరినుండి సంక్రమించెనో యడిగినచో తాతముత్తాతల పేరులు వెలువడును. పెద్దల జ్ఞాపకమున నున్న ఆ పంపకమే వారి వంశవృక్షము. చదువరులారా, కథకుడు మీ వాకిటికి వచ్చినపుడు దోసెడు గింజలతో సరిపుచ్చక, ఆ పేరులను వ్రాసి యుంచుడు. మన వంశములను కాచినవారికి మనము పడిన ఋణ మది.