లేని దీవుల చరిత్ర

భూగోళ పటమును చూచువారు సాధారణముగా దానిని శంకింపరు. తీరరేఖ గీయబడినచోట తీరమున్నదనియు, దీవి పేరు వ్రాయబడినచోట దీవి యున్నదనియు నమ్ముదురు. కాని పటము కూడ ఒక సాక్ష్యమే. కన్నులార చూచి చెప్పినదానికిని, ఒకరు చెప్పగా విని చెప్పినదానికిని భేదమున్నట్లే, కొలిచి గీసిన గీతకును విని గీసిన గీతకును భేదము కలదు. ఆ భేదము మఱుగుపడినప్పుడెల్ల సముద్రమున ఎన్నడును లేని దీవులు కాగితముపై పుట్టి, శతాబ్దముల తరబడి జీవించినవి. ఇట్టివానిలో మిక్కిలి ప్రాచీనమైనవి కొన్ని ఆంధ్రతీరమునకు ఆవల, తూర్పు సముద్రముననే వెలసినవి.

క్రీస్తు శకము మొదటి శతాబ్దమున ఒక నావికవర్తకుడు గ్రీకు భాషలో వ్రాసిన 'పెరిప్లస్' అను యానగ్రంథము మసాలియా దేశమును పేర్కొని, అచట సన్నని నూలు వస్త్రములు విస్తారముగా తయారగుచున్నవని చెప్పినది. సుమారు 150వ సంవత్సర ప్రాంతమున అలెగ్జాండ్రియా వాసియైన టాలెమీ రచించిన భూగోళ గ్రంథమున ఆ దేశమే మైసోలియా. దాని రేవులలో ఒకటియైన కొంటకొస్సైలను కృష్ణాతీరమునందలి ఘంటసాలగా చరిత్రకారులు గుర్తించిరి. ఘంటసాల శాసనమున 'మహానావిక' శబ్దము కానవచ్చుటయు, తూర్పు తీరమున దొరకిన శాతవాహనుల నాణెములపై రెండు తెరచాప కొయ్యల ఓడ ముద్రింపబడి యుండుటయు ఆనాటి నౌకాయానమునకు తార్కాణములు. మైసోలియాలోని అల్లోసిగ్నె రేవు చెంత ఒక స్థలమునుండి, సువర్ణభూమికి పోవు నావలు తీరమును విడిచి నడిసంద్రమున ప్రవేశించునని కూడ టాలెమీ చెప్పెను. అనగా తీరము వెంబడి వచ్చిన దారికి ఆంధ్రభూమి చివరి మజిలీ. దానికి ఆవల నున్నదానిని చూచి వచ్చినవారు కొందఱు. విని చెప్పినవారు పెక్కుమంది. లేని దీవులు పుట్టుటకు అంతకంటె అనుకూలమైన చోటు ఉండదు.

మొదట వెలసినది క్రిసే, అనగా బంగారు దీవి. పెరిప్లస్ కర్త దానిని తూర్పున మానవులు నివసించు భూమికి చివరన, ఉదయసూర్యుని క్రింద నిలిపెను. రోమను రచయిత పాంపోనియస్ మేలా దానికి తోడుగా అర్గిరే అను వెండిదీవిని కూడ పేర్కొని, ఒకదాని మన్ను బంగారమనియు, రెండవదాని మన్ను వెండియనియు పూర్వులు చెప్పినట్లు వ్రాసెను. కొలది కాలమునకే ప్లినీ, ఆ దీవులందు గనులుండవచ్చును గాని మన్నే బంగారమనుట నమ్మదగినది కాదనెను. టాలెమీ నాటికి నావికులు మఱింత దూరము పోయి వచ్చుటచే ఆ దీవి ద్వీపకల్పముగా మారెను. అది మలయా ద్వీపకల్పమని పండితుల అభిప్రాయము. కనుక క్రిసే కేవలము అబద్ధము కాదు. సువర్ణభూమి వర్తకము నిజము. దాని చుట్టును గీసిన తీరరేఖ మాత్రము ఊహ.

బంగారు దీవికంటె చిత్రమైనవి మణియోలై దీవులు. గంగకు ఆవలి సముద్రమున పది దీవులు వరుసగా కలవట. ఇనుప చీలలు కొట్టిన ఓడలు అచట చిక్కి కదలలేకపోవునట. అందలి అయస్కాంత శిలయే అందులకు కారణము కావచ్చునట. అందుచేతనే ఆ ప్రాంతమున ఓడలను కొయ్యచీలలతో కట్టుదురట. అచటివారు నరమాంస భక్షకులట. టాలెమీ ఈ సంగతులను తాను ఎఱిగినవిగా చెప్పలేదు. లోకులు చెప్పుకొనునవిగా మాత్రమే వ్రాసెను. ఆ జాగ్రత్తకు తెలుగులో ఒక చిన్న మాట చాలును: 'అట'. ఆ మాట వక్తను అసత్యదోషమునుండి కాపాడును, శ్రోతను హెచ్చరించును.

అయితే టాలెమీ ఇతర స్థలములకు వలెనే ఈ దీవులకును అక్షాంశ రేఖాంశముల అంకెలను ఇచ్చెను. వాక్యమునకు 'అట' చేర్చవచ్చును. అంకెకు చేర్చుటకు వీలులేదు. సుమారు పదమూడు శతాబ్దముల తరువాత, 1477లో బొలోన్యా నగరమున ఆ గ్రంథము పటములతో అచ్చయ్యెను. 1482లో ఉల్మ్ నగరమున మఱల అచ్చయ్యెను. పటము వ్రాయువాడు అంకెలను చూచి గీత గీసెను. ప్రక్కన నున్న నిజమైన దీవులకును, ఈ విన్న దీవులకును ఒకే సిరా, ఒకే రంగు. 'అట' అను మాట అక్కడ రాలిపోయెను. తరువాతి లేఖకునకు పూర్వపు పటమే ప్రమాణమయ్యెను.

ఈ కథకు మూలమైన వాస్తవము మాత్రము తెలుగు తీరమున చిరకాలము నిలిచి యున్నది. అది మసూలా పడవ. పలకలకు రంధ్రములు చేసి, కొబ్బరి పీచు త్రాటితో కుట్టి ఈ పడవను కట్టుదురు; ఇనుముతో పనిలేదు. మచిలీపట్టణము, విశాఖపట్టణము, మద్రాసు వంటి చోట్ల పెద్ద ఓడలు దూరమున లంగరు వేయగా, మనుష్యులను సరకులను ఒడ్డునకు చేర్చినవి ఈ పడవలే. అల విఱుగునప్పుడు చీలలు కొట్టిన పడవ బిగిసి నిలిచి పగులును. కుట్టిన పడవ కొంత వంగి, దెబ్బను ఓర్చుకొని నేలకు చేరును. కుట్టు పడవలు ఈ తీరముననే గాక హిందూ మహాసముద్రమున పెక్కు చోట్ల నుండెను. ఇట్టి ఓడలలో ఇనుము లేకుండుటను చూచిన విదేశీయుడు కారణమడిగి యుండును. అయస్కాంత దీవుల కథ సమాధానమై యుండును. ధారానగర ప్రభువైన భోజుని పేర నున్న 'యుక్తికల్పతరువు' సైతము సముద్రమున పోవు నావలకు ఇనుప బంధము కూడదనియు, నీటిలోని అయస్కాంతము వానిని ఆకర్షించుననియు చెప్పుచున్నది. అరేబియా కథలలోని అయస్కాంత పర్వతమును ఎఱుగని బాలలు అరుదు.

ఆరవ శతాబ్దమున ప్రొకోపియస్ అను బైజాంటియను చరిత్రకారుడు ఈ కథను పరీక్షించెను. రోమనుల ఓడలలో ఇనుము విస్తారముగా ఉన్నను ఎఱ్ఱసముద్రమున వానికి ఏ ప్రమాదమును కలుగలేదు గనుక ఆకర్షించు శిలలు లేవని తేల్చెను. అంతవఱకు యుక్తియుక్తము. కాని వెంటనే, భారతీయులకు ఇనుము లేదు గనుక త్రాళ్లతో కట్టుదురని వ్రాసెను! ఇనుమునకు, ఉక్కునకు పేరుగన్న దేశమది. తెలంగాణములోని కోనసముద్రపు ఉక్కు కొఱకు తరువాతి కాలమున పారసీక వర్తకులు వచ్చుచుండిరి. ఒక లేని దీవిని చెరిపిన చేయియే మఱియొక లేని విషయమును వ్రాసినది. ఒడ్డునకు పోయి పడవ కట్టువానిని అడిగియుండినచో రెండు పొరపాట్లును తప్పెడివి.

ఆధునికులు ఈ 'అట'ను పటముపైనే గుర్తించు ఉపాయమును కనుగొనిరి. సందేహాస్పదమైన దీవుల చెంత ఆంగ్ల నౌకాపటములు 'ఇ.డి.' అను అక్షరములు వేసెడివి. ఉనికి సందేహమని వాని అర్థము. 1875లో బ్రిటిష్ నౌకాశాఖవారు పసిఫిక్ పటమునుండి 123 దీవులను తొలగించిరి. వానిలో మూడు నిజముగా ఉన్నట్లు తరువాత తేలుటచే మఱల చేర్చవలసివచ్చెను. ఆ మఱుసటి సంవత్సరమే వెలాసిటీ అను ఓడవారు న్యూ కాలిడోనియా సమీపమున చూచితిమన్న శాండీ దీవి మాత్రము అనేక పటములందు మిగిలి, ఉపగ్రహ యుగమును కూడ దాటివచ్చెను. 2012 నవంబరులో ఆస్ట్రేలియా పరిశోధన నౌక ఆ స్థలమునకు పోగా, అచట వేయి మీటర్లకు మించిన లోతు నీరు తప్ప వేఱొకటి లేదు.

లేని దీవిని ఉన్నదనుట ఒక చిక్కు. ఉన్న దీవి లేకుండ పోవుట మఱియొక చిక్కు. నదీముఖములు నేలను కట్టును, కరగించును. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ దీవి కాకినాడ రేవునకు అడ్డుకట్టవలె నిలిచి యున్నది. బంగాళాఖాతపు ఉత్తరపు కొనన హరియభంగ నదీముఖమున మఱియొక దీవికి ఆ అదృష్టము లేకపోయెను. 1970 నవంబరు తుపాను తరువాత అది తేలినట్లు చెప్పుదురు. 1974లో అమెరికా ఉపగ్రహ చిత్రమున కానవచ్చెను. నీటికి రెండు మీటర్లకు మించి ఎత్తులేని ఆ ఇసుక తిన్నెకు భారతదేశమున న్యూ మూర్ అనియు, పూర్బాశ అనియు, బంగ్లాదేశమున దక్షిణ తాల్‌పట్టి అనియు పేర్లు. ఢిల్లీ, ఢాకా నగరముల నడుమ ఉత్తరములు నడచినవి. 1981లో భారతదేశము అచట పతాకమెగురవేసెను. 2010లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ దీవి పూర్తిగా మునిగిపోయినదని ప్రకటించిరి.

దీవి మునిగినను వివాదము మునుగలేదు. రెండు దేశముల సముద్రపు హద్దును నిర్ణయించుటకు ఐదుగురు మధ్యవర్తుల న్యాయసభ ఏర్పడెను. విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా పనిచేసిన ఆంధ్రుడు పెమ్మరాజు శ్రీనివాసరావు వారిలో ఒకరు. తుది తీర్పునందు కొన్ని అంశములపై ఆయన భిన్నాభిప్రాయమును ప్రకటించెను. 2014 జులై 7న తీర్పు వెలువడెను. న్యూ మూర్ స్థలమును కొలతకు ఆధారబిందువుగా గ్రహింపవలెనను భారతపక్ష వాదమును సభ అంగీకరింపలేదు. వివాదమునందలి 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకు లభించినవి. దీవి యుండిన చోటు మాత్రము భారతదేశమునకు దక్కెను. దక్కుటకు అచట దీవి లేదు.

పటమునకైనను, శాసనమునకైనను, దస్త్రమునకైనను ధర్మమొక్కటే. విన్నదానిని వ్రాయుట దోషము కాదు. విన్నదని చెప్పకుండుట దోషము. ఒక కాగితమునుండి మఱియొక కాగితమునకు ఎక్కునప్పుడు మొట్టమొదట జారిపోవునది 'అట' అను ఆ చిన్న మాటయే. టాలెమీ దానిని వ్రాసెను. నకలు తీసినవారు విడిచిరి. మణియోలై దీవుల వయస్సంతయు ఆ విడిచిన మాటదే.